ఒక చిత్రానికి రెండు తీర్పులు

ఒక కృతి వెలువడిన నాడు దానిని గూర్చి వ్రాసిన మాటలకూ, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట అదే కృతిని గూర్చి లోకం చెప్పుకొనే మాటలకూ పొత్తు లేకపోవడం సాహిత్యచరిత్రలో కొత్త విషయం కాదు. ఆ రెండు మాటలనూ పలికినవాడు ఒకే మనిషి కావడం మాత్రం అరుదు. స్టాన్లీ కూబ్రిక్ దర్శకత్వంలో 1968 ఏప్రిల్ నెలలో అమెరికాలో విడుదలైన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ అనే రోదసీ యాత్రాచిత్రం విషయంలో అదే జరిగినది. (ఈ ‘ఒడిస్సీ’ హోమరు మహాకావ్యాన్ని తలపించే పేరు, మన ఒడిశా నాట్యంతో దానికి చుట్టరికం లేదు.) తొలి దినాలలో ఆ చిత్రాన్ని తిరస్కరించిన విమర్శకులలో కొందరు తమ తీర్పును తామే తిరగవ్రాసినారు. కొందరు వ్రాయలేదు. ఈ ఇరు తెగలవారిలో చిత్రానికి న్యాయం చేసినవారు ఎవరన్నది పైకి కనిపించినంత సులభమైన ప్రశ్న కాదు.

చిత్రకథకు బీజం ఆంగ్ల రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1948లో వ్రాసిన ‘ది సెంటినెల్’ అనే చిన్నకథ. మానవుడు పుట్టక పూర్వమే ఎవరో చంద్రునిపై నిలిపిపోయిన ఒక వస్తువు మానవుల కంటబడడం అందులోని ఇతివృత్తం. క్లార్క్ 1956లో సింహళానికి వచ్చి అక్కడనే స్థిరపడినవాడు. 2008లో కన్నుమూసినది కూడా ఆ దీవిలోనే. 1964లో కూబ్రిక్ వద్ద నుండి వచ్చిన ఉత్తరం ఆయనను న్యూయార్కుకు రప్పించినది. ముందు ఇరువురూ కలిసి నవల వ్రాయవలెననీ, తరువాత దాని నుండి చిత్రానువాదం సిద్ధం చేయవలెననీ తలపెట్టినారు. అనుకొన్నట్లు జరుగలేదు. నవలా చిత్రమూ ఒకదాని పక్కన ఒకటి పెరిగి, చివరకు చిత్రమే ముందు వెలువడినది. నవల కొన్ని నెలల తరువాత అచ్చయినది. నవలలో నౌక శనిగ్రహం దాకా పోతుంది, చిత్రంలో గురుగ్రహం వద్దనే ఆగుతుంది. శనివలయాలను తెరపై నమ్మదగిన విధంగా కల్పించడం ఆనాటి పనివారికి కుదరలేదు. అంతకన్న పెద్ద భేదం వేరే ఉన్నది. క్లార్క్ నవల ప్రతిదానికీ కారణం చెబుతుంది, చిత్రం దేనికీ చెప్పదు. కథను వివరించే కంఠస్వరం ఒకటి చిత్రంలో వినిపించవలెనని మొదట ఏర్పాటు. కూబ్రిక్ దానిని పూర్తిగా తీసివేసినాడు.

తత్ఫలితంగా ప్రేక్షకుని ముందు నిలిచిన వస్తువు విచిత్రమైనది. చిత్రం ఆరంభమైన ఇరవైయైదు నిమిషాల దాకా మనిషి మాట ఒక్కటీ వినబడదు. చివరి ఇరవై నిమిషాల పైచిలుకు కూడా అంతే. రెండు గంటలు దాటిన నిడివిలో సంభాషణలన్నీ కలిపినా నలభై నిమిషాలు రావు. ఆఫ్రికా ఎడారినేలపై ఆకలితో మలమలమాడే వానరసమూహం. వాటి మధ్య ఒక ఉదయాన నిలిచి ఉన్న నల్లని ఏకశిల. దానిని తాకిన వానరం ఎముకను ఆయుధంగా పట్టడం నేర్చుకొనడం. ఆ ఎముక ఆకాశంలోకి ఎగిరి, రెప్పపాటులో, లక్షల సంవత్సరాలు దాటి, భూమి చుట్టూ తిరిగే ఒక వాహనంగా మారడం. చంద్రునిపై టైకో అనే బిలంలో అటువంటి ఏకశిలయే మరొకటి దొరుకుతుంది. అది చేసిన సంకేతాన్ని పట్టుకొని ‘డిస్కవరీ’ అనే నౌక గురుగ్రహానికి బయలుదేరుతుంది. దారిలో నౌకను నడిపే హాల్ అనే కంప్యూటరు యాత్రికులను చంపనారంభిస్తుంది. మిగిలిన ఒక్క మనిషి, బౌమన్, దానిని నిర్వీర్యం చేసి ముందుకు సాగి, వెలుగుల సుడిలో కొట్టుకొనిపోయి, ఫ్రెంచి రాజుల కాలపు సామగ్రితో అమర్చిన ఒక గదిలో ముసలివాడై, నక్షత్రాల నడుమ కనులు తెరచిన శిశువుగా తిరిగి కనిపిస్తాడు. అంతటితో చిత్రం ముగుస్తుంది. ఆ గది ఎవరిది, ఆ శిశువు ఎవరు, ఏకశిలను నిలిపినవారెవరు అన్న ప్రశ్నలకు తెరపై జవాబు లేదు. అడిగినవారికి కూబ్రిక్ కూడా చెప్పలేదు. తాను మాటలకు అందని అనుభవాన్ని కల్పించదలచితినని మాత్రం ఆ సంవత్సరమే ఒక పత్రిక ప్రతినిధితో అన్నాడు.

ఏప్రిల్ 2న వాషింగ్టనులో తొలి ప్రదర్శన. మరునాడు న్యూయార్కులో, ఆపై లాస్ ఏంజెల్స్‌లో. ఆ వారం అమెరికాకు మంచి వారం కాదు. మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ తాను మళ్లీ పోటీ చేయనని ప్రకటించినాడు. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురియైనాడు. అదే ఏప్రిల్ 4న న్యూయార్క్ టైమ్స్‌లో రెనాటా ఆడ్లర్ వ్రాసిన సమీక్ష వెలువడినది. చిత్రం తన రంగులలో, తన శూన్యావకాశంలో, తన యంత్రాల సూక్ష్మవివరాలలో తానే మునిగిపోయినదనీ, ఫలితంగా సమ్మోహనానికీ దుర్భరమైన విసుగుకూ నడుమ ఎక్కడనో నిలిచినదనీ ఆమె అభిప్రాయం. న్యూ రిపబ్లిక్ పత్రికలో స్టాన్లీ కాఫ్మన్ అంతకన్న కఠినంగా వ్రాసినాడు: చిత్రపు నిస్తేజం ఎంతటిదనగా, అందులోని సాంకేతిక నైపుణ్యంపై కలిగిన ఆసక్తి కూడా దానితో చల్లారిపోయిందని. విలేజ్ వాయిస్‌లో ఆండ్రూ సారిస్ నిరాశపడినాడు. ఆయన దర్శకుణ్ణే చిత్రకర్తగా భావించే సిద్ధాంతాన్ని అమెరికాలో పాదుకొల్పినవాడు.

వైజ్ఞానిక కథారచయితలైనా ఈ చిత్రాన్ని తమదిగా చేరదీసినారా అంటే అదీ పూర్తిగా జరుగలేదు. లెస్టర్ డెల్ రే గట్టిగా ఖండించినాడు. రే బ్రాడ్‌బరీ ఛాయాగ్రహణాన్ని మెచ్చి, మాటల పేలవత్వాన్ని తప్పుపట్టినాడు. మరుసటి సంవత్సరం ఆ రంగపు హ్యూగో బహుమానం ఈ చిత్రానికే దక్కినది గాని, తొలిరోజులలో స్వజనమే పరాయిగా చూచిన సంగతి మరువరాదు.

ఇక్కడ చిత్రచరిత్రలో ఒక చిక్కు ఉన్నది. తొలి విమర్శకులను ఎత్తిపొడిచేవారు దానిని తరచుగా విస్మరిస్తారు. తొలి ప్రదర్శనలు జరిగిన కొన్ని రోజులలోనే కూబ్రిక్ చిత్రం నుండి దాదాపు 19 నిమిషాల భాగం కోసివేసినాడు. తొలిరాత్రి విసిగిపోయినవారు చూచినదీ, ఈనాడు మనం చూచేదీ ఒకే ప్రతి కాదు. ఒక కావ్యానికి కవి స్వయంగా పరిష్కరించిన పాఠం వెలువడిన పిమ్మట, పూర్వపాఠాన్ని చదివి పెదవి విరిచినవానిని రసహీనుడనడం ఎంత న్యాయమో ఇదీ అంతే. ఐనను నిడివి ఒక్కటే కారణమైతే వాదం అక్కడితో ముగిసేది. ముగియలేదు.

అసలు కారణం వారి శిక్షణలో ఉన్నది. ఆనాటి పత్రికా విమర్శకులలో పెక్కుమంది నవలను, నాటకాన్ని చదివి చిత్రాల దగ్గరకు వచ్చినవారు. పాత్ర మాటలో బయటపడవలెను, సంఘర్షణ మాటలో ముదరవలెను, అర్థం చివరి మాటలో తెలియవలెను అన్నది వారికి చదువుతో వచ్చిన సంస్కారం. ఈ చిత్రంలోని మాటలను వారు వెదకినారు; అవి పేలవంగా ఉన్నవి. నిజమే, పేలవంగానే ఉన్నవి. చంద్రునికి పోతున్న ఫ్లాయిడ్ అనే శాస్త్రవేత్త దారిలో ఆగి, ఇంటనున్న తన చిన్న కూతురితో దూరదర్శన ఫోనులో మాట్లాడుతాడు. పుట్టినరోజుకు ఏమి కావలెనని అడుగుతాడు. కిటికీలో ఆ తండ్రి వెనుకగా భూగోళం తిరుగుతున్నది. ఆయన దానివైపు ఒక్కమారైనా చూడడు. సంభాషణ ముగియగానే ఖర్చు 1 డాలరు 70 సెంట్లని యంత్రం లెక్క చూపుతుంది. ఈ మాటలలో కవిత్వం లేదన్న విమర్శకుడు సరిగానే విన్నాడు, కాని ఆ కిటికీని చూడలేదు. విశ్వం వాకిట్లోకి వచ్చి నిలిచినా మనిషి సంభాషణ అంగడి స్థాయిని దాటలేదన్నది ఆ దృశ్యం చెప్పే సంగతి. దానిని పాత్రల నోట చెప్పించి ఉంటే అది ఉపన్యాసమయ్యేది.

మన ఆలంకారికులు ఈ విషయంలో ఎంతో సూక్ష్మంగా ఆలోచించినారు. కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దిలోనే కావ్యానికి ప్రాణం వాచ్యం కాదనీ, వాచ్యం వెనుక భాసించే ధ్వని యనీ నిరూపించినాడు. ఈ సిద్ధాంతాన్ని చూపి, ‘2001’ ధ్వనిప్రధానమైన చిత్రమనీ, పాశ్చాత్య విమర్శకులకు అది అర్థం కాలేదనీ తేలికగా తేల్చివేయవచ్చును. అట్లా తేల్చివేయడం ఆనందవర్ధనునికే అన్యాయం. వెలుగు కావలసినవాడు దీపశిఖను సంరక్షించుకొన్నట్లు, వ్యంగ్యాన్ని కోరేవాడు వాచ్యాన్ని ఆదరించవలెనని ఆయనయే చెప్పినాడు. దీపం లేని చోట వెలుగు లేదు. కాబట్టి అడుగవలసిన ప్రశ్న, ఈ చిత్రంలో ఆ దీపం ఎక్కడ ఉన్నది అన్నది.

అది కంటికి కనిపించేదానిలో, చెవికి సోకేదానిలో ఉన్నది. నౌక ఎంత నెమ్మదిగా తిరుగుతుందో అంత నెమ్మదిగానే తెరపై తిరుగుతుంది. శూన్యంలో శబ్దం ప్రయాణించదు కనుక బయట ఏ చప్పుడూ లేదు. కవచం తొడిగిన మనిషి శ్వాస మాత్రమే వినిపిస్తుంది, బుసబుసమంటూ, నిమిషాల తరబడి. సంగీతం కూడా అంతే. ఈ చిత్రానికై అలెక్స్ నార్త్ ప్రత్యేకంగా కూర్చిన సంగీతాన్ని కూబ్రిక్ పక్కన పెట్టి, పూర్వమే ఉన్న రచనలను వాడినాడు. యంత్రవాహనాలు యోహాన్ స్ట్రాస్ వాల్ట్‌జ్ నాట్యానికి అడుగులు వేస్తవి. ఏకశిల ముందు హంగరీ దేశీయుడైన లిగెటీ కూర్చిన బృందగానం, అక్షరాలు విడిపోయి పొగవలె లేచే కంఠాలు. ఈ భాషలో చిత్రం ఎక్కడా అస్పష్టం కాదు. బరువు, వేగం, దూరం, ఒంటరితనం అన్నిటినీ కొలిచి చెబుతుంది. తొలి సమీక్షకులు దీపాన్ని సంభాషణలలో వెదకి, అక్కడ కనబడక, చీకటి అని వ్రాసినారు.

కొందరు మళ్లీ పోయి చూచినారు. న్యూస్‌డే పత్రికలో జోసెఫ్ గెల్మిస్ తన తొలి ఖండనను కొద్ది వారాలలోనే తానే ఖండించి వ్రాసినాడు. దినపత్రికా సమీక్షకుడు పాఠకుల ముందు తన తప్పును ఒప్పుకొనడం ఎంత అరుదైన సంగతియో ఆ వృత్తి నెరిగినవారికి తెలియును. సారిస్ రెండేళ్లు ఆగి, 1970లో, చిత్రాన్ని తిరిగి చూచి మనసు మార్చుకొన్నాడు. ఈమారు తాను ధూమపానయోగ్యమైన ఏదో పదార్థపు సహాయంతో చూచినట్లు హాస్యంగా ఒప్పుకొన్నాడు కూడా. నిర్మాణసంస్థ అప్పటికే యువకుల గుంపులు ఎందుకు వస్తున్నవో గ్రహించి, ఈ చిత్రం పరమయాత్ర అన్న అర్థం వచ్చే కొత్త ప్రకటనలు అంటించినది. ఆ మాటకు మత్తు అనే రెండవ అర్థం కూడా ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు. కళావిమర్శకురాలు ఆనెట్ మైకెల్సన్ 1969 ఫిబ్రవరిలో ఆర్ట్‌ఫోరమ్ పత్రికలో సుదీర్ఘవ్యాసం వ్రాసి, ఈ చిత్రం ప్రేక్షకుని దేహానికే జ్ఞానబోధ చేస్తుందని వాదించినది. తెరపై బరువు తప్పి తేలే దేహాన్ని చూస్తూ, కూర్చున్నవాడు తన దేహాన్ని కొత్తగా ఎరుగుతాడన్నది ఆమె ఆలోచన. అప్పటికి వచ్చిన రచనలలో అంత లోతుకు దిగినది మరొకటి లేదనవచ్చును.

పెద్దవారు తిరస్కరించినారు, పిల్లలు ఆదరించినారు అన్న వివరణ ఆనాడు బాగా వ్యాపించినది, నేటికీ వినబడుతున్నది. అది సగం నిజం. ఆడ్లర్ వృద్ధురాలు కాదు. న్యూయార్కర్‌లో తొలినాళ్లలోనే దీనిని గొప్ప చిత్రమని గుర్తించిన పెనెలోపీ గిలియట్ కుర్రపిల్ల కాదు. చికాగోలో మొదటినుండీ మెచ్చిన రోజర్ ఈబర్ట్ మాత్రం అప్పటికి ఇరవైయైదేళ్లవాడు. ఏది చూడడానికి వచ్చినాడో దానిని మరచి, ఎదుట ఉన్నదానిని చూడగల ఓపిక ఒక మనిషిలో ఎంత ఉన్నదన్నది వయస్సు చెప్పలేదు.

ఇంతవరకు వచ్చిన తరువాత, మారనివారి మాట. పౌలీన్ కేల్ 1969 ఫిబ్రవరిలో హార్పర్స్ పత్రికలో వ్రాసిన వ్యాసంలో ఈ చిత్రాన్ని తీవ్రంగా దుయ్యబట్టినది. అటు తరువాత కూడా ఆ మాట వెనుకకు తీసుకొనలేదు. కూబ్రిక్ అపారమైన ధనంతో పెద్ద బొమ్మలు చేయించుకొని ఆడుకొన్నాడనీ, ఇంత ఘనకార్యంలో ఊహాశక్తి మాత్రం కొరవడినదనీ ఆమె ఆక్షేపణ. దీనిని ఈర్ష్యాజనితమైన దూషణగా కొట్టివేయడం పరిపాటి. కాని ఆ వ్యాసంలో మరొక మాట ఉన్నది, దానికి జవాబు చెప్పినవారు తక్కువ. మనిషి ఏమీ చేయనక్కరలేదు, పైనున్నవారెవరో అతనిని మెట్టుమెట్టుగా ఎక్కించి శిశువుగా మార్చి కృతార్థుణ్ణి చేస్తారు అన్న ఊరట ఈ చిత్రంలో ఉన్నదనీ, అట్టి ఊరట బాధ్యతను తప్పించుకొనడమేననీ ఆమె భావం. నగరాలు తగలబడుతున్న సంవత్సరంలో, వియత్నాంలో బాంబులు కురుస్తున్న సంవత్సరంలో ఈ ప్రశ్న వేయడానికి ఆమెకు హక్కున్నది. గెల్మిస్, సారిస్‌లు తాము చూడని దృశ్యాన్ని తరువాత చూచినారు. కేల్ దృశ్యాన్ని చూచి, దాని వెనుకనున్న తత్త్వాన్ని కాదన్నది. ఈ రెండూ ఒకటి కావు. ‘తొలి విమర్శకులందరూ పొరబడినారు’ అనే నేటి వాడుకలో ఈ భేదం చెరిగిపోయినది.

ఆమెకు చిత్రమే కొంత జవాబు చెబుతుంది, కొంత చెప్పలేకపోతుంది. హాల్ మరణదృశ్యాన్ని తీసుకొనవలెను. బౌమన్ దాని జ్ఞాపకాల పలకలను ఒకటొకటిగా ఊడదీస్తుంటే, ఆ యంత్రం తనకు భయంగా ఉన్నదంటుంది, బుద్ధి జారిపోతున్నదంటుంది, చివరకు తాను తొలినాళ్లలో నేర్చిన ఒక పాత ప్రేమగీతాన్ని పాడుతూ, స్వరం బరువెక్కి, ఆగిపోతుంది. చిత్రం మొత్తంలో కరుణరసం పండినది ఈ ఒక్కచోటనే. ఘనీభవించి నిద్రిస్తున్న ముగ్గురు యాత్రికులు చనిపోయినప్పుడు తెరపై గీతలు సమం కావడం తప్ప మరేమీ జరుగదు. యంత్రం చనిపోయినప్పుడు చూచేవాని గుండె పట్టుకొంటుంది. మనుషులు యంత్రాలవలె చల్లబడిన లోకంలో యంత్రమే మనిషివలె ఏడ్చినదన్న ఈ వ్యత్యాసం దర్శకుడు తెలిసి కల్పించినదే, అది కేల్ చూడని ధ్వని. కాని ఆ చల్లదనానికి మందు ఏది అంటే చిత్రం నక్షత్రశిశువును చూపి ఊరకుంటుంది. అక్కడ ఆమె ఆక్షేపణ చెక్కుచెదరదు.

రష్యన్ దర్శకుడు ఆంద్రేయ్ తర్కోవ్‌స్కీకి కూడా ఈ చల్లదనమే రుచించలేదు. కూబ్రిక్ చిత్రం కృతకంగా, నిర్జీవంగా ఉన్నదని ఆయన అన్నాడు. 1972లో తాను తీసిన ‘సొలారిస్’లో అంతరిక్షకేంద్రాన్ని మనస్సాక్షి విచారణకు స్థలం చేసినాడు. దానితో మూలనవల వ్రాసిన పోలెండు రచయిత స్తానిస్వావ్ లెమ్ సంతోషించినాడా? లేదు. దర్శకుడు తన నవలను విడిచి దస్తయేవ్‌స్కీ ‘నేరము – శిక్ష’ తీసినాడని ఆయన ఫిర్యాదు. విశ్వపు అపరిచితత్వాన్ని కాపాడినవాడు మనిషిని పోగొట్టుకొంటాడు, మనిషిని కాపాడినవాడు విశ్వాన్ని గడపలోకి కుదిస్తాడు. ఆ తరం రోదసీ చిత్రాల చిక్కు అంతా ఇందులో ఉన్నది.

ఈ చిక్కుకు మూడవ దారి ఒకటి బెంగాలులో తెరచుకొన్నది గాని, తెరమీదకు రాలేదు. సత్యజిత్ రాయ్ 1962లో తమ కుటుంబపు బాలల పత్రిక ‘సందేశ్’లో ‘బంకుబాబుర్ బంధు’ అనే కథ వ్రాసినాడు. పల్లెటూరి బడిపంతులు, నలుగురూ ఆటపట్టించి నవ్వుకొనే అమాయకుడు బంకుబాబు, వెదురు తోపులో ఒక గ్రహాంతరవాసిని కలుసుకొంటాడు. ఆ అద్భుతం అతనిని శిశువుగా మార్చదు, ఆకాశానికి ఎత్తదు; మరునాడు తనను ఎగతాళి చేసేవారి ముందు తల ఎత్తి నాలుగు మాటలనే ధైర్యం మాత్రం ఇస్తుంది. ఈ ఊహనే పెంచి రాయ్ 1967లో ‘ది ఏలియన్’ అనే చిత్రానువాదం వ్రాసినాడు. అందులో బెంగాలు పల్లెలోని తామరకొలనులో దిగిన నౌక శిఖరాన్ని చూచి, మునిగిన గుడి పైకి లేచినదని జనం మొక్కుతారు. ‘2001’ నిర్మాణం సాగుతున్న కాలంలోనే రాయ్ లండనులో క్లార్క్‌ను కలిసి ఈ ఊహను వినిపించినాడు, ప్రోత్సాహమూ పొందినాడు. అమెరికన్ సంస్థ ముందుకు వచ్చినది, వ్యవహారం చిక్కులలో పడినది, చిత్రం రాలేదు. అద్భుతం తాకిన తరువాత మనిషి ఏమి చేసినాడు అన్న కేల్ ప్రశ్నకు ఒక సమాధానం ఆ కాగితాలలో ఉండిపోయినది.

‘2001’ కీర్తి మాత్రం ఆగకుండా పెరిగినది. ఆ ఏడు దక్కిన ఆస్కార్ బహుమానం దృశ్యచమత్కృతులకే. కూబ్రిక్ జీవితమంతటిలో పొందిన ఆస్కార్ అదొక్కటే. లండనులోని సైట్ అండ్ సౌండ్ పత్రిక పదేళ్లకొకమారు ప్రపంచ విమర్శకులను అడిగి కూర్చే పట్టికలో 1972లో ఈ చిత్రానికి మొదటి పదింటిలో స్థానం లేదు. 1992లో పదవది, 2002లో ఆరవది. 2022లో దర్శకుల ఓట్లతో కూర్చిన పట్టికలో ఇదే మొదటిది. ఇంత ఎత్తు వలన ఒక నష్టం కూడా కలిగినది. ఈనాటి విద్యార్థి విసుగు కలిగినా విసుగు కలిగినదని చెప్పడానికి జంకుతాడు. 1968లో ఆడ్లర్ తనకు కలిగిన అనుభవాన్ని, సమ్మోహనంతో సహా, కలిగినట్లు చెప్పినది. ఆమె వాక్యంలో విసుగు మాత్రమే గుర్తుంచుకొని సమ్మోహనాన్ని మరచినవారు తరువాతి కాలపు అభిమానులు.

ఆమె ఆ ఏటి ఆరంభంలోనే ఆ పత్రిక చిత్రవిమర్శకురాలి స్థానానికి వచ్చినది. ఆమెకు ముందు చాలాకాలం ఆ కుర్చీలో ఉన్నవాడు బాస్లీ క్రౌథర్. 1958లో న్యూయార్కులో ‘పథేర్ పాంచాలి’ ప్రదర్శించినప్పుడు, ఇంత వదులుగా, ఇంత మందంగా సాగే చిత్రాన్ని హాలీవుడ్‌లో కత్తిరింపు గదిని దాటనివ్వరన్న ధోరణిలో వ్రాసినది ఆయనయే. ఆ చిత్రంలోనూ నడక నెమ్మది, మాటలు కొద్ది. రెల్లుపూల నడుమ పరుగెత్తిన ఇద్దరు పిల్లల ముందు నుండి ఒక రైలుబండి పొగ విడుస్తూ పోతుంది, అది ఏమిటో ఎవరూ వారికి వివరించరు. రాయ్ కన్నుమూసిన 1992లో వెలువడిన పట్టికలోని పది చిత్రాలలో ‘పథేర్ పాంచాలి’ కూడా ఉన్నది, ‘2001’ కన్న పైన.